అరచేతిలో మట్టి, చేతుల్లో రెండు జెండాలు

ఆస్ట్రేలియా ఆదివాసుల ఘనతను తలచుకున్నప్పుడల్లా నా మనసు ముందుగా గురిండ్జీ అనే ఆదివాసి తెగ నాయకుడు విన్సెంట్ లింగియారి దగ్గర ఆగుతుంది. 1966 ఆగస్టులో ఉత్తర ఆస్ట్రేలియాలోని వేవ్ హిల్ పశుక్షేత్రం నుంచి గురిండ్జీ కార్మికులు, వారి కుటుంబ సభ్యులు కలిసి సుమారు 200 మంది ఆయన వెంట బయటికి నడిచారు. కూలి కోసమేనని పైకి కనిపించిన ఆ సమ్మె నిజానికి తమ నేల తమకు కావాలన్న పోరాటం. అది తొమ్మిదేళ్లు సాగింది. 1975 ఆగస్టు 16న ప్రధాని గఫ్ విట్లమ్ ఆ నేలను అప్పగిస్తున్న గుర్తుగా లింగియారి అరచేతిలో మట్టి పోస్తున్న ఛాయాచిత్రాన్ని నేను ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. దానిని తీసిన మెర్విన్ బిషప్ కూడా ఆదివాసియే కావడం నాకెంతో సంతోషాన్నిస్తుంది.

మధ్య ఆస్ట్రేలియా కొండలను నీటిరంగుల్లో చిత్రించి దేశమంతటా పేరు పొందిన ఆదివాసి చిత్రకారుడు ఆల్బర్ట్ నమత్జిరాకు 1957 వరకు పూర్తి పౌరహక్కులు దక్కలేదు. ఆయన పిల్లలకు అప్పుడు కూడా దక్కలేదు. ఈ సంగతి చెప్పకుండా ఆయన కళను మాత్రమే పొగడటం న్యాయం కాదని నా అభిప్రాయం.

1994 కామన్వెల్త్ క్రీడల్లో ఆదివాసుల జెండాతో మైదానం చుట్టి వచ్చినందుకు జట్టు పెద్దల మందలింపును ఎదుర్కొన్న ఆదివాసి పరుగు క్రీడాకారిణి క్యాథీ ఫ్రీమన్, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగును 49.11 సెకన్లలో గెలిచి, ఆ జెండానూ ఆస్ట్రేలియా జెండానూ కలిపి పట్టుకుని మళ్లీ మైదానమంతా తిరిగారు.