రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చే మెసేజ్

2022లో మా పెద్దమ్మాయి పాలస్తీనా పల్లెల్లో వాలంటీర్‌గా వెళ్తాను అన్నప్పుడు నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "మనకెందుకమ్మా ఇవన్నీ". ఇది దాని చిన్నప్పట్నించీ నేను అంటున్న మాటే, స్కూల్లో ఎవరో పిల్లాణ్ణి ఏడిపిస్తున్నారని గొడవపడి వచ్చినా అదే అన్నాను, కాలేజీలో ర్యాలీకి వెళ్ళినా అదే. గ్రీన్ కార్డ్ కోసం పదకొండేళ్ళు ఎదురుచూసిన వాళ్ళం, ఎక్కడా మన పేరు పడకూడదు అన్న భయం మా ఇద్దరికీ ఒంట్లో ఇంకిపోయింది. ఇక్కడే పుట్టిన దానికి ఆ భయం లేదు. "మరి ఇంకేం జరిగితే మనం పట్టించుకోవాలమ్మా?" అంది. నేనేం చెప్పలేకపోయాను.

మేముండేది సియాటిల్ పక్కన బోతెల్‌లో. ఇక్కడ్నించి గంటన్నర డ్రైవ్ చేస్తే ఒలింపియా, రేచల్ కోరీ ఊరు. 2003 మార్చి 16న గాజాలోని రఫాలో ఒక ఇల్లు కూల్చకుండా అడ్డం నిలబడితే ఇజ్రాయెల్ ఆర్మీ బుల్డోజర్ కింద నలిగిపోయింది ఆ పిల్ల, 23 ఏళ్ళు. ఆ సంగతి తెలుసు కాబట్టే రెండు వారాలు దానితో మాట్లాడలేదు నేను. అయినా అక్టోబర్‌లో వెళ్ళింది.

వెళ్ళింది ఇజ్రాయెల్ ఆక్రమణలో ఉన్న పాలస్తీనా ప్రాంతం వెస్ట్ బ్యాంక్‌లో, హెబ్రాన్ అనే ఊరికి దక్షిణంగా ఉండే కొండలకి, మసాఫెర్ యట్టా అంటారు. 1980ల్లో అక్కడి చాలా భూమిని ఇజ్రాయెల్ ఆర్మీ ఫైరింగ్ జోన్ 918 అని, అంటే తన శిక్షణ స్థలం అని ప్రకటించింది, 2022 మే నెలలో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు అక్కడి జనాన్ని ఖాళీ చేయించొచ్చు అని తేల్చేసింది, వెయ్యి మందికి పైగా. ఇల్లు కట్టుకోడానికి పర్మిట్ దాదాపు దొరకదు, పర్మిట్ లేకుండా కడితే కూలుస్తారు, అందుకే కొంతమంది ఇంకా గుహల్లోనే ఉంటారు. నీళ్ళు ట్యాంకర్‌తో తెచ్చుకుని ఒక్కో బిందె లెక్కపెట్టుకుంటారు. పక్కనే కొండ మీది సెటిల్‌మెంట్‌లో, అంటే ఇజ్రాయెల్ వాళ్ళు వచ్చి కట్టుకున్న కాలనీలో మాత్రం కుళాయి తిప్పితే నీళ్ళు.

అక్కడ మా అమ్మాయి పని ఏంటంటే పొద్దున్నే గుట్ట మీద కూర్చుని జీప్ కోసం చూడటం. తూబా అనే ఊరి పిల్లలు అత్-తువానీ స్కూల్‌కి నడిచి రావాలి, దగ్గర దారి మావోన్ సెటిల్‌మెంట్‌కీ దాని పక్క ఔట్‌పోస్ట్ అనే చిన్న కాలనీకీ మధ్యలోంచి, ఆ దారిలో పిల్లల మీద ఆ కాలనీల వాళ్ళ దాడులు జరిగేవి, 2004లో తోడు నడిచిన విదేశీ వాలంటీర్లనే కొట్టారు, అప్పట్నించి ఆర్మీ జీప్ ఎస్కార్ట్‌గా రావాలని పెట్టారు. ఆ జీప్ టైమ్‌కి వచ్చేది కాదు. ఎన్నింటికి వచ్చింది, ఎంతమంది పిల్లలున్నారు, సైనికులు వాళ్ళతో చివరిదాకా వచ్చారా లేదా, ఇదంతా నోట్‌బుక్‌లో రాసుకునేది, రాకపోతే ఫోన్లు చేసేది. అక్కడ పొద్దున ఏడున్నర అంటే మాకు ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర. రోజూ ఆ టైమ్‌కి నాకు మెసేజ్, "జీప్ వచ్చిందమ్మా" అని. ఒకరోజు పదింబావు దాకా రాలేదు. గేటు దగ్గర చిన్న చిన్న బ్యాగులు వేసుకుని నిలబడ్డ పిల్లల్నే ఊహించుకుంటూ కూర్చున్నాను. మా చిన్నాడి స్కూల్ బస్ రెండు నిమిషాలు లేటయితే యాప్‌లో చూసి కంగారుపడే దాన్ని నేను.

అది నేర్చుకున్న మొదటి అరబిక్ మాట "కులీ", అంటే తిను. ఆ ఇంటావిడ వేడి రొట్టె తుంచి ఆలివ్ నూనెలో ముంచి చేతిలో పెట్టి, సేజ్ ఆకు వేసిన టీ పోస్తూ కులీ కులీ అంటూనే ఉంటుందట, అచ్చం అమ్మమ్మేనమ్మా అంది. ఆవిడ జెరూసలెం ఒక్కసారి కూడా చూడలేదు, గంట ప్రయాణం, కానీ పర్మిట్ కావాలి. మా గుంటూరులో పక్కింటి పిన్నిగారు ప్రభుత్వ సాయంతో జెరూసలెం, బెత్లెహేం యాత్ర చేసొచ్చి ఫొటోలు చూపించారు. మా అమ్మాయి నీలం అమెరికా పాస్‌పోర్ట్ చూపించి చెక్‌పోస్ట్ దాటేస్తుంది. ఆవిడ పుట్టిందే అక్కడ. కాగితం కోసం ఎదురుచూడటం అంటే ఏంటో నాకు తెలుసు అనుకునేదాన్ని, కాదు, మేం ఇష్టపడి వచ్చి లైన్‌లో నిలబడ్డాం, వాళ్ళని వాళ్ళ ఊళ్ళోనే నిలబెట్టారు. శనివారాలు ఇజ్రాయెల్ నుంచి యూదు వాలంటీర్లు కూడా వస్తారట, పొలంలో వీళ్ళ పక్కనే నిలబడతారట. అది విన్నాక "ఇది వాళ్ళిద్దరి గొడవ" అనే మాట నేను మానేశాను.

2024 సెప్టెంబర్ 6న వెస్ట్ బ్యాంక్‌లోనే బైతా అనే ఊళ్ళో ఇజ్రాయెల్ ఆర్మీ కాల్పుల్లో ఐషెనూర్ ఎజ్గీ ఎయ్గీ అనే వాలంటీర్ చనిపోయింది. 26 ఏళ్ళు, సియాటిల్‌లో పెరిగిన పిల్ల, మా అమ్మాయి చదివిన యూనివర్సిటీయే. చాలావరకు పొరపాటునే తగిలి ఉంటుంది అంది ఆర్మీ. ఆ రాత్రి మా అమ్మాయి నా పక్కన పడుకుని ఏడ్చింది, కాలేజీకి వెళ్ళాక మళ్ళీ ఇదే మొదటిసారి.

ఇప్పుడు మళ్ళీ వెళ్తానంటోంది. వద్దు అనలేదు, వెళ్ళు అనడానికీ నోరు రావట్లేదు. అప్పట్లో మా అమ్మకి, నీ మనవరాలు జెరూసలెం యాత్రకి వెళ్ళిందని అబద్ధం చెప్పాను, మొన్న ఫోన్ చేసి నిజం చెప్పేశాను. సెటిల్‌మెంట్ల దగ్గరున్న ఆలివ్ చెట్ల కాయ కోసుకోడానికి ఆర్మీ ఏడాదికి కొద్ది రోజులే ఇస్తుందని, ఆ రోజుల్లో చెట్ల కింద టార్పాలిన్లు పరిచి గబగబా దులుపుతారని చెప్పాను. ముప్ఫై ఏళ్ళు మిరప కోతలు చేయించిన మనిషి, కాసేపు ఏం మాట్లాడలేదు.

"మరి కోత అవ్వకుండానే రోజులైపోతే, ఆ కాయంతా ఏమవుద్దే?" అంది.