రాత్రి 2:17 దాటాక

ఆదివారం. లేచేసరికి తొమ్మిదిన్నర. తప్పు నాదే. నిన్న రాత్రి ఒక్కదాన్నే కూర్చుని 'వెపన్స్' అనే హాలీవుడ్ హారర్ సినిమా చూశాను. 2025లో అది వచ్చినప్పుడు థియేటర్‌కి వెళ్లడానికి ధైర్యం చాల్లేదు. ఇంట్లో అయితే రిమోట్ చేతిలో ఉంటుంది, లైటు వేసుకోవచ్చు, సౌండు తగ్గించుకోవచ్చు, మరీ భయమేస్తే ఆపేసి కాసేపు అటూ ఇటూ తిరగొచ్చు అనుకున్నాను. తీరా మొదలెట్టిన పావుగంటకి రిమోట్ సోఫా సందులోకి జారిపోయింది. చీకట్లో ఆ సందులోకి చెయ్యి పెట్టడానికి మనసొప్పలేదు. అలాగే చివరిదాకా చూశాను.

కథ ఒక లెక్కతో మొదలవుతుంది. ఒకే క్లాసులో చదివే 17 మంది పిల్లలు ఒకే రాత్రి, సరిగ్గా 2:17కి మంచాలు దిగి, తలుపులు తీసుకుని, చేతులు రెండు పక్కలకీ చాపి చీకట్లోకి పరుగెత్తి మాయమైపోతారు. మర్నాడు క్లాసుకి వచ్చింది ఒకే ఒక్క పిల్లాడు. ఊరంతా టీచరు మీద పడుతుంది. పడుకునే ముందు టైము చూడకూడదని గట్టిగా అనుకున్నాను, అనుకుంటూనే చూశాను. 1:50. అంటే ఇంకా 27 నిమిషాలు. ఆ 27 నిమిషాలు ఎలా గడిచాయో ఇక్కడ రాయను. 2:18 అయ్యాక మాత్రం హాయిగా నిద్ర పట్టింది. చదువుకున్నదాన్ని, ఉద్యోగం చేస్తున్నదాన్ని, నెల నెలా బిల్లులు కడుతున్నదాన్ని.

పొద్దున అమ్మ బట్టలు మడతపెడుతుంటే ఈ సంగతంతా చెప్పాను. "పదిహేడు మందా?" అంది. అంతే, మళ్లీ మాట్లాడలేదు.

మధ్యాహ్నం అక్క వచ్చింది. పెద్దమ్మ కూతురు. సినిమాల విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు. అక్కది క్రైమ్ పార్టీ. సినిమా చూస్తూ కాగితం మీద అనుమానితుల పేర్లు రాసుకుంటుంది, ఒక్కొక్కరినీ కొట్టేసుకుంటూ పోతుంది. తమ్ముడిది హారర్ పార్టీ. సినిమా చూశాక ఎన్ని రోజులు బాత్రూమ్ తలుపు గడియ పెట్టుకోలేకపోయాడన్నదే వాడి రేటింగ్. నేను ఎటు గాలి వీస్తే అటు. ఇద్దరూ నన్ను తమవైపు లాక్కోవడానికి చూస్తుంటారు, ఆ మర్యాద నాకు నచ్చుతుంది.

"ఏమే, చూశావా? ఇంతకీ ఎవరు చేశారు?" చెప్పులు విప్పకముందే అక్క మొదటి ప్రశ్న ఇది.

"పెద్దక్కా, నేనింకా చూడలేదు, ఒక్క ముక్క బయటికొస్తే ఊరుకోను" అని తమ్ముడు చెవులు మూసుకున్నాడు.

వాడి బాధ కొత్తదేమీ కాదు. 1960లో 'సైకో' విడుదలైనప్పుడు, సినిమా మొదలయ్యాక ఎవరినీ లోపలికి రానివ్వకూడదని దాని దర్శకుడు హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. అప్పట్లో అమెరికాలో జనం సగంలో వచ్చి కూర్చోవడం, మళ్లీ ఆట మొదలైతే ఆ మొదటి సగం చూసి లేచిపోవడం మామూలే. ఆ సినిమాని సగం నుంచి చూస్తే ఏం మిగులుతుంది? ఈ ముక్క చెప్తే తమ్ముడు పొంగిపోయాడు. హిచ్‌కాక్ తన పార్టీయేనట. అక్క ఒప్పుకోలేదు. 'సైకో' క్రైమ్ సినిమా అని ఆవిడ, హారర్ అని వాడు. పది నిమిషాలు పోయాయి.

అక్కడి నుంచి 'లాంగ్‌లెగ్స్' మీదికి వెళ్లారు. 2024 సినిమా. దాని దర్శకుడు ఓస్‌గుడ్ పెర్కిన్స్, 'సైకో'లో నార్మన్ బేట్స్ వేసిన ఆంథనీ పెర్కిన్స్ కొడుకు. అందులో హంతకుడు నికొలస్ కేజ్. ప్రచారంలో ఎక్కడా ఆయన ముఖం సరిగ్గా చూపించలేదు. తమ్ముడికి మొదటి గంట ప్రాణం. ఎఫ్‌బీఐ అమ్మాయి టేబుల్ దగ్గర కూర్చుని ఉంటుంది, వెనకాల తలుపులు, కిటికీలు, ఎవరూ లేని చోటు. ఏమీ జరగదు. మనం మాత్రం ఆ అమ్మాయిని వదిలేసి వెనకాల మూలల్ని వెతుక్కుంటూ ఉంటాం.

"ఆ గంట అయ్యాక కూర్చోబెట్టి అంతా వివరించారక్కా. ఎవరు, ఎందుకు, ఎలా. అక్కడితో భయం దిగిపోయింది" అన్నాడు.

"నాకు అసలు వివరణే సరిపోలేదు. ఆ పిల్లకి ఆధారాలు దొరకవు, మనసుకి తెలిసిపోతాయి. అదేం దర్యాప్తురా? నాకూ అలా తెలిస్తే నేనూ ఆఫీసరునే" అంది అక్క.

ఒకే అరగంట. ఒకరికి ఎక్కువైంది, ఇంకొకరికి చాల్లేదు. ఈ రోజంతా నేను పట్టుకుని తిరిగింది ఈ ముక్కనే.

నాకు తోచింది చెప్పాను. క్రైమ్ సినిమా చూసేవాళ్ల దగ్గర అప్పు చేస్తుంది. తలుపు ఎందుకు తీసి ఉంది, ఉత్తరం ఎవరు రాశారు, ఆ రాత్రి వాడెక్కడున్నాడు, ఇవన్నీ బాకీలు. ఆఖరికి పైసాతో సహా తీర్చాలి, లేకపోతే అక్కలాంటివాళ్లు వదలరు. హారర్‌కి ఆ బాధ లేదు. పైగా తీర్చేకొద్దీ చులకనైపోతుంది. దెయ్యం పేరేమిటి, ఏ ఊరిది, ఎవరి మీద పగ, అంతా తెలిశాక అది మనకి చుట్టమైపోతుంది. (చుట్టాలంటే భయం వేరే రకం.) ఈ మధ్య వస్తున్నవాటిలో చాలా సినిమాలు పోలీసు ఫైలుతో మొదలై చేతబడితో తేలుతున్నాయి. బాకీ తీర్చాలా, ఎగ్గొట్టాలా అని చివరి అరగంటలో దర్శకుడికి చెమటలు పడతాయి.

"అయితే 'విరూపాక్ష' ఏమిటి?" అన్నాడు తమ్ముడు. 2023లో అది మేం ముగ్గురం కలిసి చూశాం. రుద్రవనం ఊళ్లో వరసగా చావులు, ఊరికి దిగ్బంధనం, హీరో మాత్రం ఆ చావుల మధ్య సంబంధం కోసం డిటెక్టివ్‌లా వెతుకుతాడు. చేతబడి ఉన్న క్రైమ్ సినిమా. అక్క అందులోనూ కాగితం తీసింది, హాల్లో చీకట్లో రాసింది, బయటికొచ్చి చూస్తే ఒకదాని మీద ఒకటి పడి ఏమీ అర్థం కాలేదు. నాకు దానికన్నా అంతకు ముందు ఏడాది వచ్చిన 'మసూద' ఎక్కువ గుర్తుంది. ఒంటరిగా కూతుర్ని పెంచుకునే తల్లి, సాయానికి వచ్చే పక్కింటి కుర్రాడు. వాడూ భయపడుతూనే సాయం చేస్తాడు. భయపడేవాడి పక్కన నిలబడితే మన భయానికి కాస్త గౌరవం వస్తుంది.

'భ్రమయుగం' గురించి తమ్ముడు ఉపన్యాసం ఇవ్వబోయాడు. మమ్ముట్టి నవ్వు, బ్లాక్ అండ్ వైట్, వాన. ఆపేశాం. అది వాడు మాకు మూడుసార్లు చెప్పాడు.

అక్క తురుపుముక్క ఎప్పుడూ ఒక్కటే, 'మహారాజ'. విజయ్ సేతుపతి 50వ సినిమా. ఒక క్షురకుడు పోలీస్ స్టేషన్‌కి వచ్చి మా లక్ష్మి పోయింది, వెతికిపెట్టండి అంటాడు. లక్ష్మి అంటే చెత్తబుట్ట. నవ్వుతాం, పోలీసులూ నవ్వుతారు. పక్కపక్కన జరుగుతున్నాయనుకున్న సంఘటనల మధ్య ఏళ్ల దూరం ఉందని తెలిసేసరికి ఆ నవ్వు గొంతులో ఇరుక్కుపోతుంది. "ఒక్క బాకీ మిగల్చలేదు చూడు" అంది అక్క. నిజమే. రెండోసారి చూస్తే మొదటి సీను నుంచే భయమేస్తుంది, ఎందుకంటే ఆ బుట్ట ఏమిటో మనకి తెలుసు. అయినా ఒక ఆడపిల్లకి జరిగిన ఘోరాన్ని చివరిదాకా దాచి, ట్విస్టుగా విప్పడం నాకు మింగుడుపడలేదు. ఆ మాట అంటే ఈసారి అక్క వాదించలేదు. "నాకూ అక్కడే కొంచెం..." అని ఊరుకుంది.

మధ్యలో నా సొంత ఫిర్యాదు ఒకటి పెట్టాను. సబ్‌టైటిల్స్. తెలియని భాష కాబట్టి పెట్టుకోక తప్పదు. కానీ వాటిలో మాటలతో పాటు చప్పుళ్లు కూడా రాస్తారు. బొమ్మ మీద ఇంకా ఏమీ లేదు, కింద మాత్రం 'వెనక అడుగుల శబ్దం' అని పడిపోతుంది. దెయ్యం ముందు ఉత్తరం రాసి తర్వాత వచ్చినట్టు. తమ్ముడు వెంటనే 1942 నాటి 'క్యాట్ పీపుల్' ఎత్తాడు. ఒకమ్మాయి రాత్రి ఒంటరిగా నడుస్తుంటుంది, వెనకాల ఎవరో వస్తున్నట్టు అడుగులు, తర్వాత అవీ ఆగిపోతాయి. ఆ నిశ్శబ్దంలో మృగం బుసకొట్టినట్టు ఒక్కసారిగా చప్పుడు. తీరా చూస్తే వచ్చి ఆగింది బస్సు. అప్పటి నుంచి ఇలా ఉత్తిపుణ్యానికి ఉలిక్కిపడేలా చేసే ఎత్తుకి సినిమావాళ్లు 'బస్సు' అనే పేరు పెట్టుకున్నారు. మనవాళ్లు తాడుని చూసి పామనుకోవడం అంటారే, అదే. ఎనభై ఏళ్లు దాటినా ఇంకా తాడుతోనే పని జరుపుకుంటున్న దర్శకులున్నారు. అక్కడ పిల్లి, ఇక్కడ స్నేహితుడు భుజం మీద వేసిన చెయ్యి.

నా వంతు వచ్చినప్పుడు ఇద్దరికీ నచ్చని ఉదాహరణ ఇచ్చాను. 'మెమొరీస్ ఆఫ్ మర్డర్', బోంగ్ జూన్-హో 2003లో తీసిన కొరియా సినిమా. పాతదే, కానీ అప్పు ఎగ్గొట్టిన క్రైమ్ సినిమా అంటే నాకు ముందు గుర్తొచ్చేది అదే. దక్షిణ కొరియాలో హ్వాసోంగ్ అనే చోట 1986 నుంచి 1991 దాకా జరిగిన స్త్రీల హత్యలు దానికి ఆధారం. సినిమా తీసేనాటికి హంతకుడు దొరకలేదు. చివర్లో, ఎప్పుడో పోలీసు ఉద్యోగం వదిలేసిన హీరో మొదటి శవం దొరికిన పొలం గట్టు దగ్గరికి వస్తాడు. ఈమధ్యే ఇంకెవరో కూడా వచ్చి ఇలాగే వంగి చూశారని ఒక చిన్నపిల్ల చెప్తుంది. ఎలా ఉన్నాడంటే, మామూలుగా ఉన్నాడంటుంది. హీరో తలెత్తి నేరుగా మనవైపు చూస్తాడు. హాల్లో ఎక్కడో హంతకుడు కూర్చుని ఉంటాడని.

(ఇది చెప్తుంటే తమ్ముడు స్పాయిలర్ అని అరిచాడు. ఇరవై ఏళ్లు దాటిన సినిమాకి ఆ కేసు చెల్లదన్నాను.)

ఆ బాకీ 2019లో తీరింది, సినిమా బయట. డీఎన్ఏ పరీక్షతో మనిషి దొరికాడు. 1994లో చేసిన వేరే హత్యకి అప్పటికే జైల్లో ఉన్నాడు. పాత హత్యల కేసులకి చట్టప్రకారం గడువు 2006లోనే అయిపోయింది కాబట్టి వాటికి శిక్ష వేయడం కుదరలేదు. ఆ హత్యల్లో ఒకదానికి ఇంకెవరినో పట్టుకుని దాదాపు 20 ఏళ్లు జైల్లో ఉంచారు. అతను నిర్దోషి అని 2020 డిసెంబర్‌లో కోర్టు తేల్చింది. అంతకు కొద్దిగా ముందు అసలు హంతకుడు సాక్ష్యం చెప్తూ, జైల్లో ఆ సినిమా చూశానని, ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదని అన్నాడు.

అంతా తెలిశాక సినిమా చిన్నదైపోతుందేమో అనుకుని ఆ మధ్య మళ్లీ చూశాను. అవలేదు. ఇదివరకు హీరో మనవైపు చూస్తే, ఎదురుగా ఎవరున్నారో తెలియక భయమేసేది. ఇప్పుడు ఎదురుగా ఒక మనిషి కూర్చుని, ఏమీ అనిపించకుండా చూస్తున్నాడని తెలుసు.

"అది క్రైమ్ సినిమానే" అంది అక్క కాసేపాగి. గొంతులో మాత్రం పట్టు లేదు.

"హారర్" అన్నాడు తమ్ముడు, ఈసారి మెల్లిగా.

'కిష్కింధ కాండం' కూడా చెప్దామనుకున్నాను. 2024 మలయాళం సినిమా. మతిమరుపు వస్తున్న తండ్రి, కనపడకుండా పోయిన లైసెన్సు తుపాకి. అందులో నిజం తెలియడం ఎవరికీ మేలు చేయదు. కానీ అక్క అది చూడలేదు. చూసి రమ్మన్నాను. వచ్చే నెల దాని మీద గొడవ.

సాయంత్రం అక్క బయల్దేరుతుంటే అమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మధ్యాహ్నమంతా మా అరుపులు వింటూ అటూ ఇటూ తిరిగింది, ఒక్క మాట కలపలేదు. అమ్మ ఈ సినిమాలు చూడదు, డబ్బులిచ్చి భయపడటం ఏమిటంటుంది.

"ఇంతకీ ఆ పదిహేడు మంది పిల్లలూ ఇంటికొచ్చారటే?" అంది.

మాలో ఎవరికీ ఆ ప్రశ్న రాలేదు. అక్క ఎవరు చేశారని అడిగింది. తమ్ముడు ఏమీ చెప్పొద్దన్నాడు. నేను పొద్దున్నించీ వివరణ ఎక్కువైందా తక్కువైందా అని లెక్కలు వేస్తున్నాను.

తమ్ముడు చెవులు మూసుకుని ఏదో రాగం తీయడం మొదలెట్టాడు. నేను అమ్మ చెవిలో చెప్పాను. వింది. ఎవరు చేశారని అడగలేదు, ఎలా అనీ అడగలేదు.

"మరి ఆ తల్లిదండ్రులు రాత్రిళ్లు ఎలా పడుకున్నారు?"

ఒక తండ్రి పోయిన కొడుకు మంచం మీద పడుకుంటాడని చెప్పాను. ఆ సీను రాత్రి నేను పెద్దగా పట్టించుకోలేదు, తర్వాత ఏమొస్తుందో అన్న టెన్షన్‌లో ఉన్నాను.

"ఆ, అంతే కదా మరి" అంది అమ్మ. లోపలికి వెళ్లిపోయింది.

ఇది రాస్తుంటే పదకొండు దాటింది. తమ్ముడు హాల్లో లైట్లు ఆర్పేసి 'వెపన్స్' పెట్టుకున్నాడు. రెండుసార్లు పిలిచాడు. రిమోట్ సోఫా సందులో పడిందట, వచ్చి తీసిపెట్టమంటున్నాడు.