గొంతులో మసి

"గొంతులో మసి ఉంటే ఏంటి సార్?" వెనక బెంచీ కుర్రాడు. మాది ఫోరెన్సిక్ క్లాసు. స్లైడ్ మీద కాలి చనిపోయిన మనిషి శ్వాసనాళం, లోపలంతా నల్లగా.

మంట అంటుకునేటప్పటికి ఊపిరి ఉందని, బాబూ. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ కూడా దొరికితే ఇంకా గట్టి సాక్ష్యం. కానీ బాణసంచా పేలుడులో మనిషి క్షణంలో పోతే రెండూ కనపడకపోవచ్చు. మసి లేదు కదా అని "ముందే చనిపోయాడు" అని రాసేయకండి అన్నాను.

2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది పోయారు. ఇలాంటి పేలుళ్లలో ఒక్కోసారి ముఖం గుర్తుపట్టలేం. మెట్టెలు, తాయెత్తు, పళ్లు. అవీ కుదరకపోతే అమ్మానాన్నల రక్తంతో డీఎన్‌ఏ.

"మావాడు బాధపడ్డాడా?" అని అడుగుతారు ఇంటివాళ్లు. పోస్ట్‌మార్టం రిపోర్టులో దానికి గడి లేదు.

ఇంకోటి, కాలిన బట్టలు పారేయకండర్రా. ఏ పేలుడు మందు కలిపారో ల్యాబ్‌కి చెప్పేది ఆ పేలికలే. బాణసంచాలో క్లోరేట్ అనే రసాయనంతో గంధకం కలపడం మన దేశంలో 1992 నుంచే నిషేధం మరి.