రాని వాళ్ల జాబితా

పుట్టింది కొత్తగూడెంలో, చదివింది వరంగల్ కాకతీయలో, జీపీగా, అంటే ఫ్యామిలీ డాక్టర్‌గా, పనిచేస్తున్నది బ్రిటన్‌లోని సౌత్ వేల్స్ లోయల్లో. ఒక బొగ్గు ఊరి నుంచి ఇంకో బొగ్గు ఊరికి వచ్చిపడ్డాను. ఇక్కడి టవర్ కాలరీ అనే బొగ్గు గని 2008లోనే మూతపడింది, దుమ్ము మాత్రం ముసలాళ్ల ఊపిరితిత్తుల్లో ఇంకా ఉంది.

ఈ లోయల్లోనే గ్లిన్‌కొరుగ్ అనే చిన్న ఊళ్లో డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ 1960ల్లో ఒక పని మొదలుపెట్టారు. మోకాలి నొప్పని వచ్చినా సరే, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసేవారు. రాని వాళ్లను వెతికి మరీ చూసేవారు. వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ దొరుకుతుందని 1971లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిందీ ఆయనే.

అది నాకు రోజూ కనబడుతుంది. వేల్స్‌లో 50 నుంచి 74 ఏళ్ల వాళ్లకు రెండేళ్లకోసారి పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష కిట్ పోస్టులో వస్తుంది. ఇంట్లోనే కాస్త మలం తీసి, చిన్న సీసాలో పెట్టి తిరిగి పంపాలి. పైసా ఖర్చు లేదు. వెంటనే పంపేదెవరు? సిగరెట్ ముట్టనివాళ్లు, పొద్దున్నే నడకకు పోయేవాళ్లు. పంపనివాళ్ల కిట్ వంటింటి సొరుగులో ఉంటుంది. "పోస్ట్‌మన్ నా స్నేహితుడు డాక్టర్, వాడి చేతికి అది ఇవ్వమంటావా?" అన్నాడొకాయన. నేను రాసే ఉత్తరం కంటే మా రిసెప్షనిస్టు ఫోనే బాగా పనిచేస్తుంది. ఆమెకు వాళ్ల అమ్మలు కూడా తెలుసు మరి. మోకాలి కోసం వచ్చినప్పుడు, ఉన్న పది నిమిషాల్లో రెండు నేను కిట్ కోసం మిగుల్చుకుంటాను. ఆ రెండూ కొన్నిసార్లు రగ్బీకే పోతాయి.

కార్డిఫ్‌లో ఉగాది నాడు మనవాళ్లది ఇంకో కథ. "అన్నా, హెచ్‌బీఏ1సీ 43 వచ్చింది, బార్డర్‌లోనే కదా, పర్లేదా?" బొబ్బట్టు చేతిలో ఉండగానే అడుగుతారు. మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష అది. ఇక్కడి లెక్కలో 42 నుంచే జాగ్రత్త పడాలని, బీఎంఐ (ఎత్తును బట్టి బరువు లెక్క) మనకు 25 కాదు, 23 నుంచే చూసుకోవాలని చెబుతాను. వీళ్లు ఎలాగూ పరీక్ష చేయించుకుంటారు, నేనేం వెతకక్కర్లేదు. అందుకే వాళ్ల షుగర్ సంగతి ఆపి, ఊళ్లో నాన్నకి బీపీ ఎప్పుడు చూశారని అడుగుతాను. "నాన్న బాగానే ఉన్నాడన్నా."

మన దగ్గర ముప్పై దాటిన వాళ్లకు బీపీ, షుగర్ ఊళ్లోనే ఉచితంగా చూస్తారు. ఆ టైముకి ఆ నాన్న చేను దగ్గరుంటాడు. ఆశమ్మ నంబరు కనుక్కుని, పొద్దుగూకాక ఇంటికి రమ్మని అడగమంటాను.