75 కాపీల పిల్లి

నేను పనిచేసే చోట ఒక బొమ్మ 75 కాపీలు వేయడానికి నెల పైనే పడుతుంది. తెనాలిలో మా నాన్న షాపులో ఒక్క పూటకే ఐదొందల శుభలేఖలు వేసేస్తారు. రెండూ స్క్రీన్ ప్రింటింగే. అదే ఫ్రేము, దానికి బిగించే అదే మెష్షు (సన్నటి జాలీ బట్ట), దాని మీద రంగును లాగే అదే స్క్వీజీ (రబ్బరు పట్టీ).

టోక్యోలో ఇటాబాషి వైపు చిన్నా పెద్దా ప్రెస్సులు చాలా ఉన్నాయి. వాటిలో ఒకదాంట్లో నాది పార్ట్‌టైమ్ పని. భాష నేర్చుకునే స్కూల్లో విద్యార్థిని కాబట్టి వారానికి 28 గంటలు దాటకూడదు, పెద్ద సెలవుల్లో మాత్రం రోజుకు 8 గంటల దాకా చేయొచ్చు. జీతం కనీస వేతనమే. నేను చేరిన 2024 చివర్లో టోక్యోలో అది గంటకు 1,163 యెన్లు. నాతో వచ్చిన తెలుగు పిల్లలు కన్వీనియన్స్ స్టోర్లలో, భోజనం డబ్బాలు సర్దే ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టులు చేస్తున్నారు. నాకు ఈ పని దొరికింది భాష వల్ల కాదు. ఇంటర్వ్యూలో స్క్వీజీ చేతికిచ్చి ఒక లాగు లాగమన్నారు, లాగాను.

మేం వేసేవి గ్యాలరీలకు పరిమిత సంఖ్యలో ఇచ్చే పాప్ ఆర్ట్ బొమ్మలు, అంటే ప్రకటనలు, కామిక్కులు, రోజువారీ సరుకుల తరహా బొమ్మల కళ. మొన్న పూర్తయినదాంట్లో గుండ్రటి కళ్ల పిల్లి, దాని వెనకాల గులాబీ రంగు అలలు. గీసినాయన పేరు బయట చెప్పకూడదని ఒప్పందం ఉంది. చూస్తే చిన్నపిల్లల స్టిక్కర్‌లా ఉంటుంది గానీ రంగులు ముప్పై పైనే. పిల్లి ముక్కు ఒక్కదానికే మూడు గులాబీలు. రంగుకొక స్క్రీను. కాగితాలన్నిటికీ ఒక రంగు వేసి, ర్యాకుల్లో ఆరబెట్టి, ఆరాక మళ్లీ అన్నిటికీ తర్వాతి రంగు. 75 కావాలంటే వందకు పైగా కాగితాలతో మొదలుపెడతారు, దారిలో పోయేవి ఎలాగూ పోతాయి కాబట్టి.

పోయేది ఎక్కువగా జూన్‌లో. ఇక్కడి వానాకాలం అప్పుడే. కాగితం దూదితో చేసింది, గాల్లో తేమ పీల్చుకుని సాగుతుంది. ఇరవయ్యో రంగు అర మిల్లీమీటరు పక్కకు పడిందంటే అంతకు ముందు పడిన పంతొమ్మిది రంగుల కష్టమూ పోయినట్టే. ఆ కాగితాన్ని షాచో, అంటే మా ఓనరు, వెలుతురులో ఒకసారి పట్టుకు చూస్తారు. ఏమీ అనరు. రెండుగా చించి పక్కన పెడతారు. తిట్టినా బాగుండేదనిపిస్తుంది. నాన్న దగ్గర వినాయకుడి కిరీటం మీద పసుపు రంగు కాస్త జరిగితే, "ఎవడు చూస్తాడులే, కవర్లో పెట్టేదేగా" అనేవాడు.

నా 28 గంటలతో ఇంకో చిక్కు. ఎరుపు సగంలో ఉండగా నా టైము అయిపోతుంది. మర్నాడు కాదు, రెండు రోజుల తర్వాత వెళ్లేసరికి దాని మీద ఇంకో రెండు రంగులు ఎక్కేసి, నా ఎరుపు ఎక్కడో అడుగున ఉంటుంది. మొదటి రంగు నుంచి చివరి రంగు దాకా ఒక్క బొమ్మా నా చేతుల మీదుగా పోలేదు.

చేరిన కొత్తలో టోక్యోలోనే రొప్పొంగిలో ఉన్న నేషనల్ ఆర్ట్ సెంటర్‌లో జపాన్ పాప్ ఆర్టిస్టు కెయిచి తనామి ప్రదర్శన చూసి రమ్మని షాచోనే పంపారు. తనామి 1936లో టోక్యోలో పుట్టాడు. 1960ల చివర్లో న్యూయార్క్ వెళ్లి అమెరికా పాప్ ఆర్టిస్టు వార్హోల్ పని చూసొచ్చాడు, 1975లో ప్లేబాయ్ పత్రిక జపాన్ ఎడిషన్‌కు తొలి ఆర్ట్ డైరెక్టర్ అయ్యాడు. ప్రదర్శన 2024 ఆగస్టు 7న మొదలైంది, ఆయన 9న పోయాడు. గోడల నిండా చాక్లెట్ కాగితాల్లాంటి రంగులు, వాటి మధ్య విమానాలు, పుర్రెలు, ఎర్ర చేపలు. ఆ చేపల సంగతి అక్కడే చదివాను. 1945లో అమెరికా విమానాలు టోక్యో మీద బాంబులు వేస్తుంటే, తాతగారి తొట్టిలోని బంగారు చేపల మీద ఆ వెలుగు మెరవడం చిన్నపిల్లాడిగా చూశాడట. అది చదివాక మళ్లీ వెనక్కి వెళ్లి మొదటి గది నుంచి చూశాను. అమెరికా పాప్ ఆర్ట్‌లో, వార్హోల్ బొమ్మల్లోలా, సూపు డబ్బా సూపు డబ్బాగానే ఉంటుంది. ఇక్కడ బొమ్మ ఎంత ముద్దుగా ఉంటే అంత అనుమానంగా చూడాలేమో. ఆ తర్వాత మా పిల్లి కళ్లు కూడా నాకు కొంచెం వేరుగానే కనబడ్డాయి.

సంతకాల రోజు కళాకారుడే వస్తాడు. పెన్సిలుతో కింద ఒక మూల 1/75, 2/75 అంటూ అంకెలు, ఇంకో మూల సంతకం. గ్యాలరీవాళ్లు చెప్పేదాన్ని బట్టి ఒకటో నంబరు కోసం పోటీ పడేవాళ్లున్నారు. నిజానికి ర్యాకుల్లోంచి తీసి పెట్టడంలో వరస ముప్పైసార్లు తారుమారవుతుంది, ముందు అచ్చయింది ఏదో మాకే తెలియదు. కాగితం అంచున మా ప్రెస్సు ముద్ర రంగు లేకుండా నొక్కి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. మనుషుల పేర్లు ఉండవు. పాత చెక్క అచ్చు బొమ్మల మీదా గీసినవాడి పేరు, ప్రచురణకర్త ముద్ర ఉంటాయి గానీ, అచ్చు వేసినవాడి పేరు అరుదు. ఆచారం అంటారు. నాకైతే ఉండాలనే ఉంది.

కొనాలంటే లాటరీలో పేరు రావాలి. ధర నా మూడు నెలల సంపాదన. పేరొచ్చినవాళ్లలో కొందరు వారం తిరక్కుండానే వేలం సైట్లలో పెట్టేస్తారు. ఆ పెరిగిన ధరలో గీసినాయనకు కూడా ఏమీ రాదు, మళ్లీ అమ్మితే కళాకారుడికి వాటా ఇవ్వాలనే చట్టం జపాన్‌లో లేదు.

సంతకాలయ్యాక స్క్రీన్లు కడిగేయడం నా పనే. మందు నీళ్లు రాసి, కాసేపాగి పైపుతో కొడితే పిల్లి ముక్కు, మీసాలు, అలలు అన్నీ కొట్టుకుపోయి మెష్షు ఖాళీ అవుతుంది. ఆ రాత్రి నాన్నకు ఫోన్‌లో చెప్పాను.

"ఎన్ని వేశారమ్మా?"

"డెబ్బై ఐదు."

"వేలా?"

"డెబ్బై ఐదే నాన్నా. వేసి స్క్రీన్లు కడిగేశాం."

కాసేపు మాట్లాడలేదు. షాపులో అటక మీద పదేళ్ల నాటి వినాయకుడి ఫ్రేములు ఇంకా ఉన్నాయి, ఏటా పెళ్లిళ్ల సీజన్‌కు దించుతాడు. "బాగున్న స్క్రీను కడిగేయడమేంటే? మళ్లీ ఎవరన్నా అడిగితే?" అన్నాడు.

"అడిగినా వేయరు. అందుకే అంత ధర."

"మన దగ్గర వెయ్యి వేస్తేనే రేటు తగ్గించమంటారు" అని నవ్వాడు. తర్వాత అసలు విషయానికొచ్చాడు. "అంత శుభ్రంగా ఎలా పోయింది? బ్లీచింగ్ పౌడర్‌తో నాకు మరకలు మిగిలిపోతున్నాయి."

సోడియం మెటా పీరియాడేట్ అని చెప్పాను. స్పెల్లింగ్ వాట్సాప్‌లో పెట్టమన్నాడు, విజయవాడలో దొరుకుతుందేమో కనుక్కుంటాడట.