వసంతపు డైరీ: కుండీలు ఎక్కడ పెట్టాలో చంద్రుడిని అడిగాను

ఈసారి ఆకాశం నోట్సూ మొక్కల నోట్సూ ఒకే పుస్తకంలో రాస్తున్నాను. ఎడమ పేజీలో రాత్రి చూసినవి, కుడి పేజీలో ట్రేల సంగతులు. పక్కపక్కన పెట్టి చదువుతుంటే ఒకదానికి కావాల్సిన జవాబు రెండోదాంట్లో దొరుకుతోంది.

ఫిబ్రవరి చివర

టమాటా, మిరప, వంకాయ విత్తనాలు ఇంట్లోనే ట్రేల్లో వేశాను. రాత్రి చలి పూర్తిగా తగ్గే రోజు ఎప్పుడో అంచనా వేసుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టాను: టమాటాకి ఆరు వారాలు, మిరపకి ఎనిమిది. సగం కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి), సగం జల్లించిన వర్మీకంపోస్ట్. విత్తనం మందానికి రెండు మూడింతల లోతు చాలు. 21 నుంచి 27 డిగ్రీల వెచ్చదనం ఉంటే టమాటా వారం అటూ ఇటూగా మొలుస్తుంది. మిరప ఇంకా ఆలస్యం, రెండు వారాలు దాటినా టెన్షన్ పడక్కర్లేదు. మొలక కనబడిన రోజే ట్రేని బాగా వెలుతురున్న చోటికి మార్చాలి, లేకపోతే కాడలు సన్నగా సాగిపోతాయి. నీళ్లు పైనుంచి పోయను. ట్రే కింద పళ్లెంలో పోసి, అరగంటయ్యాక మిగిలినవి పారబోస్తాను. పైమట్టి ఎప్పుడూ తడిగా ఉంటే నారు మొదలు కుళ్లి పడిపోతుంది.

ఆకాశంలో ఓరియన్ (వేటగాడి) నక్షత్రమండలం ఇంకా ఎత్తులోనే ఉంది. 10x50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మి.మీ. అద్దాల) బైనాక్యులర్‌తో పుష్యమి దగ్గరి తేనెతుట్టె అనే నక్షత్రాల గుచ్ఛం చూశాను. పునర్వసు జంటకీ మఖకీ మధ్య, మామూలు కంటికి చిన్న మసక మచ్చలా ఉంటుంది. బైనాక్యులర్ పెట్టగానే ఆ మచ్చ డజన్ల కొద్దీ చుక్కలుగా విడిపోతుంది. మొదటిసారి ఆకాశం చూసేవాళ్లకి నేను టెలిస్కోప్ కంటే ముందు చూపించేది ఇదే.

మార్చి, విషువత్తు వారం

ఈ సీజన్‌లో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇది, అందుకే వివరంగా రాస్తున్నాను.

కుండీలు మార్చిలో సర్దుతాం, కానీ మొక్క కాపు కాసేది జూన్ ఎండలో. అప్పటికి సూర్యుడి దారి మారిపోతుంది. విషువత్తు నాడు, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున, మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు 90 నుంచి మన అక్షాంశం తీసేసినంత. జూన్ 21కి దానికి మరో 23.4 డిగ్రీలు కలుస్తాయి. అక్షాంశం 40 ఉన్న చోట 50 డిగ్రీల ఎత్తు కాస్తా 73 దాటుతుంది. కర్కట రేఖకు దిగువన ఉన్న చోట్లయితే సూర్యుడు నడినెత్తిని కూడా దాటి ఉత్తరం వైపుకి వెళతాడు, మధ్యాహ్నం నీడలు దక్షిణానికి పడతాయి. కాబట్టి మార్చి నీడ చూసి జూన్‌కి చోటు ఎంచుకోలేం.

దీనికి చంద్రుడు సాయం చేస్తాడు. శుక్లపక్షం అష్టమి నాటి సగం చంద్రుడు సూర్యుడికి 90 డిగ్రీలు తూర్పున ఉంటాడు. సూర్యుడు మూడు నెలల తర్వాత చేరే చోటు అదే. అంటే విషువత్తు దగ్గరి అష్టమి చంద్రుడు ఆ ఒక్క రోజులో జూన్ సూర్యుడి దారిలో నడుస్తాడు. మధ్యాహ్నానికి కాస్త ముందే ఉదయిస్తాడు, పొద్దుగుంకే వేళకి జూన్ మిట్టమధ్యాహ్నపు ఎత్తులో ఉంటాడు, అర్ధరాత్రో అది దాటాకో జూన్ సూర్యుడు అస్తమించే వైపే దిగిపోతాడు.

చేయాల్సిందల్లా కుండీ పెట్టాలనుకున్న చోట కూర్చుని, కుండీ అంచు ఎత్తుకి కళ్లు దించి, గంటకోసారి చూడటం. చంద్రుడు కనబడితే, దానికి సుమారు ఆరు గంటలు ముందటి వేళకి (సాయంత్రం ఆరుకి చూస్తే మిట్టమధ్యాహ్నానికి) జూన్‌లో అక్కడ ఎండ పడుతుంది, గోడో చెట్టో అడ్డొస్తే నీడ. చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉంటుంది కాబట్టి ఆ మేరకు తేడా రావచ్చు. చేయి చాపి మూడు వేళ్లు కలిపి పెడితే సుమారు అంత వెడల్పు. గోడ అంచుకి అంత దగ్గరలో చంద్రుడు ఉంటే ఆ చోటుని నమ్మను.

మార్చి అంతా దక్షిణం గోడ నీడలో ఉండే మూల ఒకటుంది. అక్కడ కూర్చుని చూస్తే సాయంత్రం నుంచి చాలాసేపు చంద్రుడు గోడకి బాగా పైనే ఉన్నాడు. పగటిపూట చూసినవి కూడా కలిపితే ఆరు గంటలు దాటింది, టమాటాకి అది సరిపోతుంది. వాయవ్యం మూల మాత్రం చివరిదాకా తెరిచే ఉంది, అంటే జూన్‌లో సాయంత్రపు ఎండ నేరుగా కొడుతుంది. ఆకుకూరల్ని అక్కడి నుంచి తీసేశాను.

మార్చి చివర

సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి ఎంత స్పష్టంగా ఉందో ప్రతి రాత్రీ రాస్తున్నాను. నా దృష్టిలో గాలి ఎంత తేటగా ఉందో చెప్పడానికి ఇంతకన్నా సులువైన కొలత లేదు. ఇది నారుకి కూడా పనికొస్తుంది. మేఘాలు లేకుండా, గాలి కదలకుండా, పొడిగా ఉన్న రాత్రి నేల వేడి సూటిగా ఆకాశంలోకి పోతుంది. ఆకులు చుట్టూ ఉన్న గాలికంటే రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చల్లబడతాయి. థర్మామీటర్ సున్నాకి పైనే చూపిస్తున్నా ఆకు మీద మంచు గడ్డకట్టేది అందుకే. బైనాక్యులర్ అద్దం మీద తేమ పట్టడానికీ ఇదే కారణం. అరుంధతి మెరుస్తూ కనబడి, గాలి ఆగిపోయిన రాత్రి నారు మీద పల్చటి గుడ్డ కప్పేస్తున్నాను. మబ్బు రాత్రి ఆ అవసరం పెద్దగా రాదు.

చీకటికి కళ్లు అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎర్ర కాగితం చుట్టిన టార్చితో ఆ సమయంలోనే కుండీల చుట్టూ తిరుగుతున్నాను. ఎర్రని కాంతి కళ్ల అలవాటుని పెద్దగా చెడగొట్టదు, చాలా పురుగులకి అది సరిగా కనబడదు కూడా. పగలు ఆకుల కింద దాక్కునే నత్తలూ గొంగళి పురుగులూ అప్పుడు బయటే ఉంటాయి, చేత్తో ఏరేయొచ్చు. మందు కొట్టాల్సిన పని రాలేదు.

ఏప్రిల్

నారుని బయటి గాలికి అలవాటు చేస్తున్నాను. మొదట నీడలో గంటా రెండు గంటలు, రోజురోజుకీ కాస్త పెంచుతూ, వారం పది రోజుల్లో పూర్తి ఎండకి. రాత్రి 10 డిగ్రీల కంటే పడిపోయేట్టుంటే టమాటా లోపలికే. కుండీలోకి మార్చేటప్పుడు టమాటా కాడని కింది ఆకులు తుంచి లోతుగా పాతాను, మట్టిలో ఉన్న కాడ పొడవునా వేళ్లు వస్తాయి. మిరపకి, వంకాయకి అలా చేయను. బెండ, కీరా వేళ్లు కదిలిస్తే ఓర్చుకోవు కాబట్టి నేరుగా పెద్ద కుండీలోనే విత్తాను.

చీకటి పడ్డాక సప్తర్షుల తోక వంపుని పట్టుకుని ముందుకెళ్తే నారింజ రంగు స్వాతి, ఇంకా ముందుకెళ్తే తెల్లటి చిత్త. స్వాతి కాంతి మనల్ని చేరడానికి సుమారు 37 ఏళ్లు, చిత్తది 250 ఏళ్ల దాకా పడుతుంది. 22వ తేదీ ప్రాంతంలో లైరిడ్ ఉల్కలు ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక చూడటం మేలు, బైనాక్యులర్ అక్కర్లేదు.

రెండు మిరప కుండీలకి ఇంకా చోటు కుదరలేదు. ఈ నెల అష్టమి చంద్రుడు జూలై సూర్యుడి దారి చూపిస్తాడు. ఆ రాత్రి తూర్పు గోడ దగ్గర చూసుకున్నాకే వాటిని పెడతాను.