లవ్ లాక్‌డౌన్: పాడటం రానివాడు పాడిన పాట

నా పని గొంతులు సర్దడం. హైదరాబాద్‌లో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో వోకల్ ఎడిటింగ్ చేస్తాను. సింగర్ పాడేసి వెళ్లిపోయాక టేకులన్నీ ముందేసుకుని, శ్రుతి ఎక్కడ జారింది, ఏ మాట తాళానికి ముందే పడింది చూసుకుంటూ ముక్క ముక్కా సరిచేస్తాను. ఎంత బాగా చేస్తే అంత తక్కువ తెలుస్తుంది. పాట విన్నవాడు "ఏం పాడిందిరా!" అంటే నాకు జీతం గిట్టినట్టే.

ఈ మధ్య మా దగ్గరికొచ్చే ర్యాప్ కుర్రాళ్లు దీనికి పూర్తిగా రివర్స్. "అక్కా, ఆటోట్యూన్ వినబడాలి, ఫుల్లుగా పెట్టెయ్" అంటారు. జారిన శ్రుతిని దానంతటదే సరిచేసే సాఫ్ట్‌వేర్ అది. ఫోన్లో ఏవేవో కొత్త పాటలు రిఫరెన్స్‌గా వినిపిస్తారు. వాళ్లకి నేను తిరిగి వినిపించే పాట ఒకటుంది: కాన్యే వెస్ట్ 2008లో చేసిన 'లవ్ లాక్‌డౌన్'. సగం మంది మొదటి నిమిషంలోనే "ఇందులో ర్యాప్ ఏదక్కా?" అని అడుగుతారు. అప్పట్లో అమెరికాలో అతని అభిమానులకీ అదే డౌటు.

అప్పటికి కాన్యే మూడు ఆల్బమ్‌లు చేసిన ర్యాపర్. అమెరికా నల్లజాతివాళ్ల పాత సోల్ పాటల ముక్కలు కత్తిరించి, స్పీడు పెంచి, వాటి మీద ర్యాప్ చేయడం అతని ముద్ర. మూడూ బాగా ఆడాయి. 2007 నవంబర్‌లో వాళ్లమ్మ డోండా వెస్ట్ చనిపోయింది. ఇంగ్లిష్ ప్రొఫెసర్, షికాగోలో ఒంటిచేత్తో కొడుకుని పెంచిన మనిషి. కాస్మెటిక్ సర్జరీ చేయించుకున్న మర్నాడే పోయింది. ఆ తర్వాత కొన్ని నెలలకే, పెళ్లి కుదిరిన అమ్మాయితోనూ తెగిపోయింది. ఆ తర్వాత చేసిన ఆల్బమ్ '808స్ అండ్ హార్ట్‌బ్రేక్'. అందులోంచి ముందుగా బయటికొచ్చిన పాట ఇదే. హవాయిలోని హొనొలులులో, కాలిఫోర్నియాలో కూర్చుని ఆల్బమ్ మొత్తాన్ని కొద్ది వారాల్లోనే పూర్తిచేశారు. ర్యాప్ దాదాపు పక్కన పెట్టి, సింథసైజర్లూ డ్రమ్ మెషీనూ పెట్టుకుని పాడాలనుకున్నాడు. చిక్కల్లా ఒక్కటే. అతనికి పాడటం రాదు.

అక్కడికొచ్చింది ఆటో-ట్యూన్. దీన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు నిక్షేపాల కోసం భూమిలోకి పంపిన తరంగాలను లెక్కగట్టే పనిలో ఉండేవాడు. ఆ లెక్కలనే గొంతుకి పనికొచ్చేలా మలిచి 1997లో మార్కెట్లోకి తెచ్చాడు. అందులో రీట్యూన్ స్పీడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. నెమ్మదిగా పెడితే జారిన స్వరం మెల్లగా స్థానంలోకి వస్తుంది, వినేవాడికి తెలియదు. సున్నాకి తెస్తే స్వరం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి టక్కున ఎగురుతుంది, మధ్యలో జారుడు ఉండదు. అదే ఆ రోబో గొంతు. 1998లో పాప్ గాయని షేర్ పాడిన 'బిలీవ్'తో ప్రపంచమంతా విన్నది, తర్వాత టీ-పెయిన్ అనే సింగర్ తన గుర్తుగా మార్చుకున్నది ఈ చప్పుడే. మన పాటల్లో దాన్ని గుడ్డిగా సున్నాలో పెడితే గమకమంతా తప్పు కింద లెక్కేసి చదును చేసేస్తుంది. అందుకే నేను చాలావరకు మెలోడైన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో స్వరాన్నీ చేత్తోనే సర్దుతాను. పొద్దున మొదలుపెడితే ఒక్క పల్లవికే మధ్యాహ్నం అయిపోతుంది. అది వేరే కథ.

ఇక ఆల్బమ్ పేరులోని 808. రోలండ్ కంపెనీ వాళ్ల టీఆర్-808 డ్రమ్ మెషీన్ 1980లో వచ్చింది. అసలు డ్రమ్ములా లేదని చాలామంది పెదవి విరిచారు. 1983కల్లా తయారీ ఆపేశారు. దాని శబ్దంలో ఉండే ఆ చిటపట కోసం రోలండ్ కావాలనే లోపమున్న ట్రాన్సిస్టర్లు కొని వాడింది. చిప్పుల తయారీ మెరుగుపడి అలాంటి ట్రాన్సిస్టర్లు దొరక్కుండా పోవడం కూడా మెషీన్ ఆగిపోవడానికి ఒక కారణం. నాకీ సంగతి చాలా ఇష్టం, నలుగురు దొరికితే తప్పకుండా చెబుతుంటాను. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికిన ఆ మెషీన్లు హిప్‌హాప్ వాళ్ల చేతుల్లో పడ్డాయి. మిగతాది చరిత్ర.

'లవ్ లాక్‌డౌన్' మొదలయ్యేది ఆ 808 కిక్, అంటే అడుగున మోగే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఒక్కదానితోనే. గుండె కొట్టుకున్నట్టు రెండేసి దెబ్బలు, లోతుగా. దాని మీద గొంతు. ఎడిటర్ చెవితో వింటే ఇక్కడ నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఇంత ఖాళీ మిక్స్‌లో ఇంత బలహీనమైన గొంతుని ముందుకి తోసి పెట్టడానికి గుండెధైర్యం కావాలి. మేమైతే వెనకాల స్ట్రింగ్స్ పరుస్తాం, కోరస్ వేస్తాం, రివర్బ్‌లో, అంటే గది ప్రతిధ్వనిలాంటి ఎఫెక్ట్‌లో ముంచుతాం. ఇక్కడ దాక్కోవడానికి చోటే లేదు. కాసేపటికి పియానో వస్తుంది, అదీ పొడిపొడిగా. కోరస్ దగ్గర మాత్రం జపాన్ తైకో డ్రమ్ములు ఒక్కసారిగా మీద పడతాయి. శ్రుతిని మెషీన్ పట్టుకుంటుంది కానీ ఊపిరిని పట్టుకోలేదు కదా. వాక్యం చివర దమ్ము అయిపోవడం, గొంతు సన్నబడటం అన్నీ అలాగే వినిపిస్తాయి. శ్రుతి పక్కాగా ఉంది, మనిషి మాత్రం వణుకుతున్నాడు. మంచి సింగర్ పాడి ఉంటే చక్కటి బ్రేకప్ పాట అయ్యేది, అంతే.

దీన్ని జనం ముందు మొదట పాడింది 2008 సెప్టెంబర్ 7న, ఎంటీవీ వీడియో మ్యూజిక్ అవార్డుల కార్యక్రమం చివర్లో. ర్యాపర్ వచ్చి ర్యాప్ చేయకుండా పాడేసరికి చూసినవాళ్లు తెల్లబోయారు. తర్వాత కొద్ది రోజుల్లోనే పాట ఇంటర్నెట్‌లో తిరిగింది, అభిమానులు ఉతికారేశారు. నాకు ఆసక్తి అనిపించేది దీని తర్వాత జరిగింది. అంత గీర ఉన్న మనిషి, ఆ విమర్శలు చదివి, గొంతు మళ్లీ పాడి, కొత్తగా తైకో డ్రమ్ములు వేసి, మార్చిన వెర్షన్ వస్తోందని తన బ్లాగులోనే ప్రకటించాడు. సెప్టెంబర్ 18న ఆ వెర్షన్ అమ్మకానికి వచ్చింది. అమెరికా పాటల ర్యాంకుల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో నేరుగా మూడో స్థానంలో దిగింది. తిట్టినవాళ్లలో ఎంతమంది కొన్నారో మరి!

గొడవ మాత్రం ఆగలేదు. నవంబర్‌లో ఆల్బమ్ వచ్చాక రివ్యూలు రెండు ముక్కలయ్యాయి. మరుసటి ఏడాది గ్రామీ వేడుకకి డెత్ క్యాబ్ ఫర్ క్యూటీ అనే రాక్ బ్యాండ్ వాళ్లు ఆటో-ట్యూన్‌కి నిరసనగా నీలం రిబ్బన్లు తగిలించుకుని వచ్చారు. కాన్యేకి అన్నలాంటి ర్యాపర్ జే-జీ కూడా ఆ ఏడే ఆటో-ట్యూన్ చచ్చిందని ఏకంగా పాట కట్టాడు. చావలేదు సరికదా, ఇల్లిల్లూ తిరుగుతోంది. తర్వాతి రోజుల్లో ర్యాపర్ డ్రేక్ లాంటివాళ్లు ఈ ఆల్బమ్ ప్రభావం తమ మీద ఎంతుందో బాహాటంగానే చెప్పుకున్నారు. 2015లో లాస్ ఏంజిలెస్ హాలీవుడ్ బౌల్‌లో కాన్యే ఆల్బమ్ మొత్తం వరసగా పాడితే జనం ఎగబడి వచ్చారు.

ఆ మనిషి తర్వాత, ముఖ్యంగా 2022లో యూదుల గురించి వాగినదంతా తెలిసీ ఈ పాట పెడుతున్నానని ఒకసారి ఒకబ్బాయి నిలదీశాడు. సరైన ప్రశ్నే. ఆ మాటలకి నా దగ్గర సమర్థింపు లేదు, వినడం మానేసినవాళ్లని తప్పుపట్టను. నా పనికి సంబంధించి మాత్రం ఇంతకంటే మంచి పాఠం నాకు దొరకలేదు.

కుర్రాళ్లకి నేను చెప్పేది చిన్న సంగతి. రీట్యూన్ సున్నాలో పెట్టమంటే పెడతాను, నాకేం నష్టం లేదు. కానీ ముందు టేక్ నిండు దమ్ముతో, మాట మింగకుండా ఇవ్వండి. పాట స్కేలు ఏంటో నాకు కరెక్టుగా చెప్పండి, లేదంటే మెషీన్ పక్క స్వరానికి లాక్కుపోతుంది. ఊపిరి తీసుకున్న చప్పుళ్లు కత్తిరించమని అడక్కండి. ఒకడు మాత్రం అన్నీ విని, "అదంతా సరే అక్కా, నా వాయిస్ డ్రేక్‌లా రావాలి" అన్నాడు. టీ తెప్పించాను.

వినాలనుకుంటే హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్‌లో ఆ కిక్ అడుగు సగానికి సగం పోతుంది, అది లేకపోతే పాటే లేదు. చివర్లో గొంతు ఆగిపోయాక డ్రమ్ములూ పియానో ఇంకా చాలాసేపు నడుస్తాయి, అక్కడ కట్టేయకండి.